ఏటా ఏసీ గ్యాస్ నింపించాలా? ఎండలు ముదిరేలోపు కారు ఏసీకి ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: కారు కొని నాలుగేళ్లయింది. పొద్దున పూట ఏసీ బాగానే చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం ఉత్త గాలే వస్తుంది, బండి మళ్లీ వేగం అందుకుంటే కాస్త చల్లబడుతుంది. పోయిన వేసవిలో మెకానిక్ గ్యాస్ నింపాడు, ఇప్పుడు మళ్లీ నింపాలంటున్నాడు. నిజంగా ఏటా నింపించాలా, ఎండలు ముదిరేలోపు ఏమేం చూసుకోవాలి అన్నది మీ సందేహం.

చాలాకాలంగా కార్ల ఏసీ పనే చేస్తున్నవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. ఏటా గ్యాస్ నింపించనక్కర్లేదు. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, ముందు దాన్ని పట్టుకోవాలి. ఇక మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ బండిలో మొదట చూడాల్సింది గ్యాస్ కాదు, బంపర్ వెనకున్న కండెన్సర్ (గ్యాస్‌లోని వేడిని బయటి గాలికి వదిలే భాగం), దాని ఫ్యాన్. ఆ రెండూ చూడకుండా గ్యాస్ గురించి మాట్లాడే మెకానిక్‌తో కాసేపు ఆగమని చెప్పండి.

ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ షాఫ్ట్ సీల్ గుండా ఏడాదికి కొన్ని గ్రాములు బయటికి పోవడం మామూలే. దానివల్ల కూలింగ్ తగ్గినట్టు తెలియాలంటే ఏళ్లు పడుతుంది. ఒక వేసవిలో నింపిన గ్యాస్ మరుసటి వేసవికల్లా అయిపోయిందంటే అది సహజమైన తగ్గుదల కాదు. ఎక్కడో ఓ-రింగో (గొట్టాల కీళ్ల దగ్గరి రబ్బరు సీల్), వాల్వ్ పిన్నో, కండెన్సరో కారుతోంది. లేదా గ్యాస్ అసలు తగ్గనే లేదు, జబ్బు ఇంకోటి.

ట్రాఫిక్‌లో ఆగితేనే కూలింగ్ ఎందుకు పోతుంది?

ఇది అర్థం కావాలంటే ఏసీ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి, బాగా వేడిగా, ఎక్కువ ఒత్తిడితో కండెన్సర్‌లోకి పంపుతుంది. అక్కడ అది బయటి గాలికి వేడి వదిలేసి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నటి దారిలోంచి దూరగానే ఒత్తిడి పడిపోయి, డాష్‌బోర్డు లోపలున్న కూలింగ్ కాయిల్‌లో మరుగుతుంది. చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ అనే గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని లోపలి గాలి నుంచి లాక్కుంటుంది కాబట్టి మనకు చల్లగాలి వస్తుంది. అంటే ఏసీ చలిని పుట్టించడం లేదు, లోపలి వేడిని మోసుకెళ్లి బయట వదులుతోంది. బయట వదలడం కుదరకపోతే లోపల నుంచి తీయడమూ కుదరదు.

ఇప్పుడు ఎండ 42 డిగ్రీలు ఉందనుకోండి. కాలిన రోడ్డు మీద, ముందు వాహనం వదిలే వేడి మధ్య, మీ బంపర్ ముందు గాలి ఇంకా వేడిగా ఉంటుంది. ఆ గాలికి వేడి ఇవ్వాలంటే కండెన్సర్‌లో గ్యాస్ దానికంటే వేడిగా, సుమారు 60 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆర్-134ఎ కి 60 డిగ్రీల దగ్గర ఒత్తిడి గేజ్ మీద దాదాపు 230 పీఎస్ఐ. కండెన్సర్ మీద గాలి సరిగా ఆడక అది 70 డిగ్రీలకు ఎక్కితే ఒత్తిడి 290 దాటుతుంది. కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది, కూలింగ్ పడిపోతుంది, ఇంకా పెరిగితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి వచ్చి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పనంతా ఫ్యాన్ ఒక్కటే చేయాలి. పైగా ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు కంప్రెసర్ కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. అందుకే ఫ్యాన్‌లో కానీ కండెన్సర్ శుభ్రతలో కానీ ఏ చిన్న లోపమున్నా ముందు ఆగిన బండిలోనే బయటపడుతుంది. పొద్దున చల్లగా ఉండి మధ్యాహ్నం పోవడానికీ కారణం ఇదే.

ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. మొదటిది, ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడటం. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికే కండెన్సర్ ఫ్యాన్ మొదలవ్వాలి. రెండు ఫ్యాన్లుంటే రెండూ చూడాలి. అసలు తిరగకపోతే ఫ్యూజ్, రిలే, మోటార్ చూడాలి. తిరుగుతున్నా నీరసంగా తిరుగుతుంటే మోటార్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. కొన్ని బండ్లలో తక్కువ వేగానికి ఒక రెసిస్టర్ ఉంటుంది. అది కాలిపోతే ఫ్యాన్ చిన్న వేగంలో అసలు తిరగదు, ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక్కసారిగా పెద్ద వేగంతో అందుకుంటుంది. ఇలాంటి బండ్లు నా దగ్గరికి ఎక్కువగా గ్యాస్ నింపించుకున్న తర్వాతే వస్తాయి. ఫ్యాన్ ఆగి ఉన్నా సరే చెయ్యి దగ్గర పెట్టకండి. కరెంటు ఫ్యాన్ ఏ క్షణంలోనైనా దానంతటదే తిరగొచ్చు.

రెండోది నీళ్ల పరీక్ష. బండిని నీడలో ఐడిల్‌లో ఉంచి, ఏసీ వేసి, వెంట్ గాలి ఉత్తగా వస్తున్న సమయంలో ముందు గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద సన్నటి ధారగా నీళ్లు పట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో లోపల గాలి చల్లబడిందంటే మీ జబ్బు వేడి బయటికి పోకపోవడమే. నీళ్లు పట్టినా మార్పు లేకపోతే అప్పుడు గ్యాస్ తక్కువ, కంప్రెసర్ నీరసం వంటివి వరసలోకి వస్తాయి. నీళ్లు కనెక్టర్ల మీద, ఆల్టర్నేటర్ మీద పడకుండా చూసుకోండి.

కండెన్సర్ శుభ్రం చేయడం పెద్ద పని కాదు కానీ ఓపిక కావాలి. ఇంజిన్ చల్లారాక, మామూలు గొట్టం నీళ్లతో, తక్కువ ఒత్తిడితో కడగాలి. మోటార్ పంపుతో దగ్గర్నుంచి కొడితే అల్యూమినియం రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. వంగిన రేకుల్ని సరిచేసే దువ్వెన దొరుకుతుంది, కానీ వంచకుండా ఉండటమే మేలు. యాసిడ్, ఘాటు క్లీనర్లు వాడొద్దు. అవి అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: పైకి శుభ్రంగా కనిపించినంత మాత్రాన కండెన్సర్ శుభ్రంగా ఉన్నట్టు కాదు. దాని వెనక, రేడియేటర్‌కీ దానికీ మధ్య ఉన్న సందులో దుమ్ము, పురుగులు, ఎండుటాకుల పొడి కలిసి పొరలా పేరుకుంటాయి. ఏటా గ్యాస్ నింపించుకుంటున్న ఒక కారు పని మీద వచ్చినప్పుడు ముందు భాగం చూస్తే తళతళలాడుతోంది. రేడియేటర్ బోల్టులు వదులు చేసి కొంచెం వెనక్కి జరిపితే ఆ సందులో మందపాటి చాపలాంటి పొర. దాన్ని తీసేసి కడిగిన తర్వాత ఐడిల్‌లో హై సైడ్ (కండెన్సర్ వైపు) ఒత్తిడి బాగా దిగింది, వెంట్ దగ్గర గాలి చల్లబడింది. ఆ బండిలో గ్యాస్ తూకం వేస్తే ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది.

ఎక్కువ గ్యాస్ కూడా జబ్బే

ఇక్కడే మీ విషయంలో నాకు ఇంకో అనుమానం ఉంది. పోయిన ఏడాది గ్యాస్ నింపినప్పుడు పాతది బయటికి తీసి తూకం వేశారా, లేక ఉన్నదాని మీదే కొంత ఎక్కించారా? రెండోదైతే గ్యాస్ ఎక్కువై ఉండే అవకాశం ఉంది. ఎక్కువైన గ్యాస్ కండెన్సర్‌లో ద్రవంగా పేరుకుపోయి, వేడి వదలడానికి చోటు తగ్గిస్తుంది. ఫలితం సరిగ్గా మీరు చెప్పినదే: పొద్దున బాగుంటుంది, వేగంగా వెళ్తే బాగుంటుంది, ఎండలో ఆగితే పోతుంది. వ్యాక్యూమ్ చేయకుండా, అంటే లోపలి గాలిని పంపుతో లాగేయకుండా ఎక్కించినప్పుడు గొట్టంలోని గాలి కూడా లోపలికి వెళ్తుంది. గాలి ద్రవంగా మారదు కాబట్టి కండెన్సర్‌లోనే తిష్ఠ వేసి ఒత్తిడి పెంచుతుంది. దీనికి మళ్లీ గ్యాస్ ఎక్కించడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

చాలామంది మెకానిక్‌లు గేజ్ తగిలించి 'ఒత్తిడి తక్కువుంది, గ్యాస్ తక్కువుంది' అని తేల్చేస్తారు. ఒత్తిడి వేరు, పరిమాణం వేరు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు లోపల కొంచెం ద్రవం మిగిలున్నంతవరకు గేజ్ చూపించేది వేడిని బట్టి ఉంటుంది, గ్యాస్ ఎంతుందన్న దాన్ని బట్టి కాదు. 35 డిగ్రీల దగ్గర ఆర్-134ఎ దాదాపు 114 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల 250 గ్రాములున్నా 500 గ్రాములున్నా అంతే. ఇంజిన్ నడుస్తున్నప్పటి రీడింగులు పనికొస్తాయి కానీ రెండు వైపులా చూడాలి, బయటి ఉష్ణోగ్రత, ఇంజిన్ వేగం, ఫ్యాన్ పనితీరు అన్నీ కలిపి లెక్కేసుకోవాలి. ఒక్క లో సైడ్ (కూలింగ్ కాయిల్ వైపు) గేజ్ చూసి చెప్పే మాటను నమ్మలేం.

గ్యాస్ సరిగ్గా ఉందో లేదో తేల్చే పద్ధతి ఒకటే. రికవరీ మెషీన్‌తో ఉన్నదంతా బయటికి లాగి తూకం చూడాలి. తర్వాత వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడపాలి, పంపు ఆపి వ్యాక్యూమ్ నిలుస్తోందో లేదో చూడాలి. అది నిలిస్తేనే బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉన్నన్ని గ్రాములు తూచి ఎక్కించాలి. చిన్న కార్లలో మొత్తం గ్యాస్ సాధారణంగా 400 నుంచి 600 గ్రాముల మధ్యే ఉంటుంది. అంత కొద్దిలో 100 గ్రాముల తేడా అంటే చాలా ఎక్కువ. అందుకే తూకం లేకుండా చేతి అంచనాతో ఎక్కించే పనిని నేను ఒప్పుకోను.

వ్యాక్యూమ్ ఎందుకంత ముఖ్యమంటే, గాలితో పాటు తేమను కూడా తీసేది అదే. ఒత్తిడి బాగా తగ్గితే నీరు మామూలు వేడికే మరిగి ఆవిరై పంపులోకి పోతుంది. తేమ లోపలే ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది, గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోపలి లోహాన్ని తినేస్తుంది. సిస్టమ్ విప్పి కండెన్సరో కంప్రెసరో మార్చినప్పుడు డ్రయర్ కూడా మార్చమనడం ఇందుకే. అందులోని తేమ పీల్చే గుళికలు బయటి గాలి తగిలితే త్వరగా నిండిపోతాయి. ఇది అదనపు ఖర్చని వదిలేయకండి.

నిజంగా లీకే అయితే

తూకం వేసినప్పుడు నిజంగానే గ్యాస్ తక్కువ వస్తే లీక్ వెతకాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, లీక్ ఉన్నచోట ఆయిల్ చెమ్మ, దాని మీద అంటుకున్న దుమ్ము కనిపిస్తాయి. నేను ముందు చూసేది గ్యాస్ ఎక్కించే వాల్వ్ పిన్నులు. చిన్న భాగం కాబట్టి ఎవరూ పట్టించుకోరు కానీ చాలా లీకులు అక్కడే. మూత పోయిన వాల్వ్ ఉంటే కొత్త మూత పెట్టించండి, ఆ మూత కూడా ఒక సీలే. తర్వాత గొట్టాల కీళ్ల దగ్గరి ఓ-రింగులు, కంప్రెసర్ ముందు షాఫ్ట్ సీల్, గులకరాళ్లు తగిలే కండెన్సర్ కింది భాగం. అన్నిటికంటే చికాకుపెట్టేది కూలింగ్ కాయిల్ లీక్. దాని కోసం డాష్‌బోర్డు విప్పాల్సి రావచ్చు, అందుకే ముందే నిర్ధారించుకోవాలి. బ్లోయర్ ఆపి కాసేపు ఉంచి, నీళ్లు కారే డ్రెయిన్ గొట్టం దగ్గర ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ పెడితే సాధారణంగా తెలిసిపోతుంది.

సన్నటి లీకులకు అల్ట్రావయొలెట్ డై వేసి కొన్నాళ్లు బండి నడిపి లైటుతో చూడటం మంచి పద్ధతే. ఖాళీ సిస్టమ్‌ని నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి సబ్బు నురగతో చూడటం ఇంకా నమ్మకమైనది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ గాలితో మాత్రం పరీక్షించనివ్వకండి. ఆ గాలిలో తేమ ఉంటుంది, పైగా ఆర్-134ఎ ఎక్కువ ఒత్తిడిలో గాలితో కలిస్తే మండే ప్రమాదం ఉంది.

మూడింటికి గట్టిగా వద్దని చెప్పండి. ఒకటి, లీక్ మూసే సీలెంట్ డబ్బాలు. గాలి, తేమ తగిలిన చోట గట్టిపడే పదార్థం అది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో చేరినా, రికవరీ మెషీన్‌లోకి వెళ్లినా అసలుకే ఎసరు. సీలెంట్ వేసిన బండిని మెషీన్‌కి తగిలించడానికి చాలామంది ఒప్పుకోరు. రెండు, ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన చవక గ్యాస్. చల్లదనం బాగానే ఇస్తుంది కానీ అది వంటగ్యాస్ జాతిది, బాగా మండుతుంది. కూలింగ్ కాయిల్ మీరు కూర్చునే చోటికే తెరుచుకుని ఉంటుందని మరవకండి. మూడు, పేరూ ఊరూ లేని సిలిండర్లు. నకిలీ ఆర్-134ఎ లో ఆర్-40 అనే మిథైల్ క్లోరైడ్ కలిసినట్టు ప్రపంచంలో చాలాచోట్ల బయటపడింది. అది విషం, అల్యూమినియంతో చర్య జరిపి పేలుడు స్వభావమున్న పదార్థాల్ని తయారుచేస్తుంది. కంప్రెసర్, కండెన్సర్, కాయిల్ అన్నీ అల్యూమినియమే కదా.

మీ కారులో ఏ గ్యాస్ ఉందో కూడా స్టిక్కర్ మీదే ఉంటుంది. పాతకాలపు ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా తీసేశారు, 1990లలో ఆర్-134ఎ వచ్చింది. అది ఓజోన్‌కి హాని చేయదు కానీ గాలిలోకి వదిలితే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. అందుకే కొత్త కార్లలో చాలావాటికి ఆర్-1234వైఎఫ్ వస్తోంది. రెండిటి సర్వీస్ పోర్టులు వేరువేరుగా ఉంటాయి, ఒకదాన్ని ఇంకోదాంట్లో కలపకూడదు. ఆర్-1234వైఎఫ్ కి కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి దానికి తగిన మెషీన్ ఉన్నచోటికే వెళ్లండి. అడాప్టర్ పెట్టి పాత గ్యాస్ ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు. ఏ గ్యాస్ అయినా పిన్ను నొక్కి గాలిలోకి వదిలేసే మెకానిక్ దగ్గర పని చేయించకండి. వాతావరణానికి చేసే చెరుపు ఒక ఎత్తు, ఆ ద్రవం చర్మం మీదో కంట్లోనో పడితే గడ్డకట్టించేస్తుంది.

లోపలి వైపు: ఫిల్టర్, కాయిల్, వాసన

గాలి చల్లగానే ఉంది కానీ తక్కువగా వస్తోందంటే మొదటి అనుమానం క్యాబిన్ ఫిల్టర్ మీదే. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేకుండా తీయొచ్చు. ఏడాదికొకసారి, లేదా 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకొకసారి మార్చండి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి. దులిపి మళ్లీ పెట్టడం నాలుగు రోజుల సర్దుబాటే. కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడిగితే పాడవుతుంది. గాలి దిశ చూపించే బాణం గుర్తు ప్రకారం పెట్టండి. ఫిల్టర్ లేకుండా నడిపితే ఆ దుమ్మంతా తడిగా ఉండే కాయిల్ మీద పేరుకుని బురదవుతుంది. ఫిల్టర్ మార్చడం పది నిమిషాల పని, కాయిల్ శుభ్రం చేయడం అలా కాదు.

వాసన గురించి మీరు అడగలేదు కానీ ఎండాకాలంలో ఎక్కువమంది వచ్చేది దానికోసమే. ఏసీ నడుస్తున్నప్పుడు కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా చేరుతుంది. బండి ఆపగానే ఆ తడి చీకట్లో అలాగే ఉండిపోయి బూజు పడుతుంది. సెంటు డబ్బాలతో అది పోదు. ఇల్లు చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ మాత్రం నడవనివ్వండి. కాయిల్ చాలావరకు ఆరిపోతుంది. ఇప్పటికే వాసన పట్టి ఉంటే కాయిల్ కోసం తయారుచేసిన నురగ క్లీనర్‌ని డ్రెయిన్ గొట్టం ద్వారానో, ఫిల్టర్ తీసిన చోటు నుంచో వేయించి, ఫిల్టర్ కొత్తది పెట్టించండి.

బండి కింద నీళ్లు కారడం మంచి లక్షణమే, కంగారు పడకండి. అవి బయట కారకుండా పక్క సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంటే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయిందన్నమాట.

ఇంకొన్ని గుర్తులు త్వరగా చెబుతాను. దూరప్రయాణంలో మొదట బాగా చల్లగా ఉండి, కాసేపయ్యాక గాలే తగ్గిపోయి, ఏసీ ఆపి పది నిమిషాలాగితే మళ్లీ బాగవుతుంటే కాయిల్ మీద మంచు కడుతోంది. ఫిల్టర్ మూసుకుపోవడం, కాయిల్ దగ్గరి సెన్సార్ పాడవడం కారణాలు. కంప్రెసర్ క్లచ్ టక్‌టక్‌మని కొన్ని సెకన్లకోసారి పడుతూ లేస్తూ ఉంటే గ్యాస్ తక్కువై ఉండొచ్చు. ఒక వైపు వెంట్లలో చల్లగా, ఇంకోవైపు వేడిగా వస్తుంటే గ్యాస్ తక్కువ కావచ్చు, లేదా లోపల వేడి గాలినీ చల్ల గాలినీ కలిపే తలుపు మోటార్ పాడై ఉండొచ్చు. ఏసీ వేయగానే కీచుమంటే బెల్ట్ చూడండి. ఇంజిన్ వేడి ఎక్కువైతే కంప్యూటరే ఏసీని ఆపేస్తుంది. అప్పుడు కూలంట్ సంగతి ముందు, ఏసీ తర్వాత.

కంప్రెసర్ లోపల అరిగి ముక్కలైతే మాత్రం కొత్త కంప్రెసర్ ఒక్కటే పెట్టించి సరిపెట్టుకోకండి. ఆ లోహపు పొడి కండెన్సర్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. ఇప్పటి కండెన్సర్లలో దారులు చాలా సన్నవి, కడిగినా పొడి పూర్తిగా రాదు. కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చకపోతే కొత్త కంప్రెసర్‌కీ అదే గతి పడుతుంది. ఖర్చు తగ్గించుకుందామని ఇక్కడ రాజీపడి, కొన్నాళ్లకే రెండో కంప్రెసర్ కొన్నవాళ్లను చూశాను. బాధేస్తుంది.

ఎండలో నిలిపిన బండిని ఎలా చల్లబరచాలి

బయట 38 డిగ్రీలుంటే, ఎండలో గంటసేపు నిలిపిన కారులో గాలి 45 డిగ్రీలు సులువుగా దాటుతుంది, డాష్‌బోర్డు 70 దగ్గరికి చేరుతుంది. అలాంటి కారులో పిల్లల్ని, పెద్దవాళ్లని, జంతువుల్ని 'ఒక్క నిమిషం' కూడా వదలకండి. నీడలో పెట్టడం, ముందద్దానికి లోపల నుంచి వెండిరంగు తెర వేయడం ఏసీ మీద భారాన్ని నిజంగా తగ్గిస్తాయి.

ఎక్కగానే అద్దాలన్నీ దించి, ఏసీ వేసి, బండి కదిలించండి. ఒకటి రెండు నిమిషాల్లో లోపలి వేడిగాలి బయటికి పోతుంది. అప్పుడు అద్దాలు ఎత్తి రీసర్క్యులేషన్ నొక్కండి. ఐడిల్‌లో పెట్టి చల్లబడేదాకా నిలబడటం కంటే మెల్లగా నడుపుతూ చల్లబరచుకోవడమే త్వరగా అవుతుంది. రీసర్క్యులేషన్ వేస్తే ఏసీ చల్లబడ్డ గాలినే మళ్లీ చల్లబరుస్తుంది కాబట్టి ఎండవేళ అదే సరైనది. అయితే నలుగురున్న బండిలో గంటల తరబడి అలాగే ఉంచితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తుగా, తలనొప్పిగా ఉంటుంది. మధ్యమధ్యలో కొన్ని నిమిషాలు బయటి గాలికి మార్చండి. డ్రైవర్‌కి నిద్ర వస్తోందంటే ముందు ఈ బటన్ చూడండి.

చలికాలంలో కూడా రెండు వారాలకొకసారి పది నిమిషాలు ఏసీ నడపండి. కంప్రెసర్ సీల్‌ని తడిగా ఉంచే ఆయిల్ గ్యాస్‌తోనే తిరుగుతుంది. నెలల తరబడి ఆపేస్తే సీల్ ఎండి, సరిగ్గా వేసవి మొదట్లో లీక్ మొదలవుతుంది.

ఎవరైనా ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లవాళ్లు ఇది చదువుతుంటే: ఫిల్టర్, కండెన్సర్ విషయాలు మీకూ అవే. కానీ మీ కంప్రెసర్ అధిక వోల్టేజీ మీద నడుస్తుంది, చాలావాటిలో ఆయిల్ కూడా వేరు. మామూలు కార్లకు వాడే పాగ్ ఆయిల్ కొంచెం కలిసినా విద్యుత్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది. నారింజరంగు కేబుళ్ల జోలికి శిక్షణ లేనివాళ్లను పోనివ్వకండి. చాలా బండ్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఈ ఏసీయే, కాబట్టి కూలింగ్ తగ్గితే నాన్చకండి. ఛార్జింగ్‌లో ఉండగానే లోపల చల్లబరచుకుని బయల్దేరితే బ్యాటరీ మిగులుతుంది.

ఇప్పుడు మీ బండి సంగతి. ముందు ఫ్యాన్ చూడండి, నీళ్ల పరీక్ష చేయండి, కండెన్సర్ కడిగించండి, ఫిల్టర్ మార్చండి. తర్వాత ఒక చిన్న థర్మామీటర్ మధ్య వెంట్‌లో పెట్టి, రీసర్క్యులేషన్ వేసి, అద్దాలు మూసి, ఇంజిన్ 1500 ఆర్పీఎమ్ దగ్గర పది నిమిషాలు నడిపి రీడింగ్ తీసుకోండి. మామూలు ఎండలో 5 నుంచి 10 డిగ్రీల మధ్య వస్తే సిస్టమ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. గాలిలో తేమ బాగా ఉన్నా, ఎండ 40 దాటినా కొంచెం ఎక్కువ రావడం సహజం. తర్వాత అదే ఐడిల్‌లో ఐదు నిమిషాలు ఉంచి ఇంకోసారి చూడండి. రెండు రీడింగులకీ పెద్ద తేడా లేకపోతే గ్యాస్ జోలికి పోవద్దు. తేడా ఇంకా ఎక్కువగా ఉంటే, రికవరీ మెషీన్ ఉన్నచోట గ్యాస్ బయటికి తీయించి, ఎన్ని గ్రాములు వచ్చిందో మీ కళ్లతో చూడండి. ఆ అంకె, స్టిక్కర్ మీది అంకె, బయటి ఉష్ణోగ్రత, రెండు వెంట్ రీడింగులు ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయించాలో చెబుతాను.